నల్లగొండలో పాత పాటల పుస్తకం బైండింగ్: రాసినవాళ్ల పేర్లు తెగిపోకుండా కుట్టిచ్చారు

ఇంట్లో పాత చర్చి పాటల పుస్తకం ఉండి, దాన్ని బైండింగ్‌కు ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా. నల్లగొండ గడియారం దగ్గర్నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక సందులో ఉంటుంది ఈ షాపు. బోర్డు వెలిసిపోయింది, రెండుసార్లు దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చాను. లోపల ఒక పెద్దాయన, ఆయన కొడుకు పనిచేస్తారు. వచ్చినవాళ్లంతా ఆయన్ని చాచా అంటున్నారు, నేనూ అట్లనే పిలిచాను.

నేను ఇచ్చింది మా తాత వాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో పాట ఎత్తేది ఆయనే. ఏ పాట ఎవరి పెళ్లికి పాడారో, ఎవరి మట్టికి పాడారో పెన్సిల్‌తో అంచుల మీద రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇవ్వడానికి నాకెంత భయమంటే, మూడేళ్లు బీరువాలోనే పెట్టుకున్నా. కారణం ఉంది. అంతకుముందు మా అమ్మ పుస్తకాన్ని ఇంకో ఊళ్లో ఒకచోట ఇస్తే, అంచులు సమానంగా రావాలని మిషన్ కింద పెట్టి మూడు వైపులా కోసేశారు. ఈ పుస్తకం చూసినవాళ్లకు తెలుసు, పాట పైన రాగం, తాళం ఉంటాయి, పాట అయిపోయాక కింద చిన్న అక్షరాల్లో రాసినవారి పేరు ఉంటుంది. పేజీ అడుగుదాకా వచ్చిన పాటల కింద ఆ పేర్లు తెగిపోయాయి. కొన్నిచోట్ల తలకట్లు, గుడులు మాత్రం మిగిలాయి, కింద అక్షరం లేదు. పాట ఉంది, పాడుకోవచ్చు, కానీ అది ఎవరిదో చెప్పే ఆ ఒక్క లైను చెత్తబుట్టలోకి పోయింది. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

పేరు పోతే ఏమైందమ్మా, పాట దేవుడిది కదా అని అప్పుడు ఒకరు అన్నారు. నేను ఒప్పుకోను. ఈ పాటలు రాసినవాళ్ల సంగతి మనకు తెలిసిందే తక్కువ. మనం చిన్నప్పటి నుంచి పాడే ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ రాసిన పురుషోత్తమ చౌధరి 1803లో పర్లాకిమిడి వైపు బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో వందకు పైగా కీర్తనలు రాసి 1890లో పోయారు. మా కోయిర్ పిల్లలను అడిగితే ఇందులో ఒక్క ముక్క చెప్పలేకపోయారు. ఆయన పేరైనా పుస్తకంలో ఉంది, వేరే భాషల నుంచి వచ్చిన పాటలవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. యేసు మనకెంత మంచి స్నేహితుడో చెప్పే ఇంగ్లిష్ పాట రాసిన జోసెఫ్ స్క్రైవెన్‌ది ఐర్లండ్. పెళ్లికి ముందు రోజు ఆయన చేసుకోబోయే అమ్మాయి నీళ్లలో పడి చనిపోయింది. తర్వాత కెనడా వెళ్లి, డబ్బులివ్వలేని ముసలివాళ్లకూ విధవరాళ్లకూ ఊరికే కట్టెలు కొట్టిపెడుతూ బతికాడు. 1855లో ఐర్లండ్‌లో ఉన్న అమ్మకు బాగోలేదని తెలిసి, పోలేక, ఆమె ఓదార్పు కోసం రాసి పంపిన పద్యాలే ఆ పాట. పేరు లేకుండానే అచ్చయింది, చాలా ఏళ్లు దాన్ని ఇంకో కవి రాశాడనుకున్నారు. 1886లో ఆయన చనిపోయే కాలానికి గాని అసలు సంగతి జనానికి తెలియలేదు.

ఫానీ క్రాస్బీ పసితనంలోనే చూపు పోయిన మనిషి, ఎనిమిది వేలకు పైగా పాటలు రాసింది. పుస్తకం నిండా ఒకే పేరు కనబడితే బాగుండదని అచ్చువేసేవాళ్లు అనుకోవడంతో దాదాపు 200 మారుపేర్లతో రాయాల్సి వచ్చింది. క్రిస్మస్ రాత్రి మనం కొవ్వొత్తులు పట్టుకుని పాడే ఆస్ట్రియా పాట ‘సైలెంట్ నైట్’ సంగతీ అంతే. జోసెఫ్ మోర్ అనే చిన్న ఫాదర్ 1816లో రాస్తే, 1818లో గ్రూబర్ అనే ఆయన బాణీ కట్టాడు. జనం ఆ బాణీ హైడెన్, మోజార్ట్ లాంటి పెద్ద సంగీతకారులది అనుకుంటూ పోతే, చివరికి 1854లో గ్రూబరే ఇది మాదని కాగితం మీద రాసివ్వాల్సి వచ్చింది, అప్పటికి మోర్ చనిపోయి ఆరేళ్లు. ఇంకొకామె ఉంది, ఎలెన్ లక్ష్మీ గోరే, 1853లో కాశీలో పుట్టింది, తల్లి పోతే ఇంగ్లిష్‌వాళ్లు పెంచారు, 1880లో తిరిగి వచ్చి ఇక్కడి ఆడవాళ్ల మధ్య పనిచేసింది. ఆమె పాటను ఇంగ్లిష్ చర్చిల్లో ఏళ్ల తరబడి పాడారు. పేరులో లక్ష్మి అని ఉంది కాబట్టే కదా ఆమె మన దేశపు మనిషని తెలిసేది!

ఇదంతా చాచాకు చెప్పలేదు గాని, మా అమ్మ పుస్తకం కూడా పట్టుకెళ్లి తెగిన పేజీలు చూపించా. ఆయన అద్దాలు పెట్టుకుని ఆ తలకట్ల వైపు చాలాసేపు చూసి, "మా గజల్‌ల ఆఖరి షేర్‌లనే శాయర్ పేరు పడ్తది బిడ్డా, దాన్ని కోస్తే పాటే కోసినట్టు" అన్నాడు. షేర్ అంటే గజల్‌లో రెండు లైన్ల పద్యం, శాయర్ అంటే కవి. నాకు కీర్తన చివర్లో తన పేరు పెట్టుకునే త్యాగరాజ ముద్ర గుర్తొచ్చింది. మన పుస్తకంలో పేరు పాట బయట ఉంది కాబట్టే దానికి కత్తి తగిలింది. తర్వాత తాత పుస్తకంలో ఆఖరి లైను కింద గోరు ఆనించి చూశాడు, గోరు మందం జాగా కూడా లేదు. "కత్తి పెట్టను. ఉప్పుకాగితంతో అంచు రుద్దుత. జర ఎగుడుదిగుడుగ ఉంటది, మంచిదేనా?" అని అడిగాడు. మంచిదే అన్నా.

పని ఎట్లుందంటే: జుజ్‌బందీ చేశారు, అంటే మడతలు మడతలుగా విప్పి, దారంతో మళ్లీ కుట్టడం. అందుకే పుస్తకం బల్లమీద పెడితే పూర్తిగా తెరుచుకుంటుంది, హార్మోనియం మీద పెట్టి రెండు చేతులతో వాయించుకోవచ్చు. చిరిగిన మడతలకు లోపలి నుంచి పల్చటి కాగితం అతికించారు. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపారు. అట్టకు ఎర్ర కాలికో బట్ట. తాత పెన్సిల్ రాతలు అన్నీ ఉన్నాయి, ఒక్కో పేజీ తిప్పి చూసుకున్నా. 420 రూపాయలు తీసుకున్నారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. పది రోజులన్నది మూడు వారాలైంది, ఫోన్ చేస్తే ఎత్తరు, నేను రెండుసార్లు బస్సెక్కి వచ్చి ఉత్త చేతులతో పోయాను. వెన్ను మీద కొట్టిన బంగారు రంగు అక్షరాలు సరిగా పడలేదు, ‘కీర్తనలు’లో వత్తు ముద్దయింది. ఆ పని చేయించకుండా ఉండటమే మేలు. శుక్రవారం మధ్యాహ్నం షాపు ఉండదు.

చివర ఎనిమిది తెల్ల కాగితాలు కలిపి కుట్టమని అడిగా, అదనంగా డబ్బులు తీసుకోలేదు. పుస్తకంలో పేరు లేని పాటల నంబర్లు వేసి, పక్కన రాసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే రాస్తున్నా, మొదటిది స్క్రైవెన్‌ది. మీకూ అట్లా కాగితాలు కావాలంటే ఇచ్చే రోజే చెప్పండి, కుట్టు పడ్డాక కలపడం కుదరదట.