జాగ్రత్త: రాయిగా మార్చే మాన్‌స్టర్ల మీద అమ్ముతున్న ఆ ‘టాక్టిక్స్ ప్యాక్’ కొనకండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట) ఆడేవాళ్లందరికీ, ముఖ్యంగా ఈమధ్యే మొదలుపెట్టినవాళ్లకి ఈ పోస్ట్. మెడూసా, బాసిలిస్క్, కాకట్రిస్, గోర్గన్ లాంటి మనిషిని రాయిగా మార్చేసే మాన్‌స్టర్లని ఎలా ఓడించాలో చెప్తామంటూ ఒక పీడీఎఫ్, దాంతోపాటు ప్రింట్ చేసిన కార్డుల సెట్టు కలిపి 899 రూపాయలకి చాట్ గ్రూపుల్లో అమ్ముతున్నారు. నేను కొన్నాను. డబ్బు పోవడం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ ఏంటంటే, అందులో రాసింది నమ్మి ఆడితే మీ క్యారెక్టర్లు పోతాయి, మా గ్రూపులో ఒకరిది పోయింది కూడా. అమ్మే వ్యక్తి పేరు ఇక్కడ రాయడం లేదు. సరుకుని ఎలా గుర్తుపట్టాలో మాత్రం వివరంగా చెప్తాను.

పోస్టర్ మీద ‘ఫిఫ్త్ ఎడిషన్, 2024 అప్‌డేటెడ్’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. లోపల చూస్తే సగం రూల్స్ 3.5 ఎడిషన్‌వి, అంటే 2003 నాటి పుస్తకాలవి. మిగతా సగంలో 2014 రూల్స్ కొన్ని, ఏ పుస్తకంలోనూ లేనివి కొన్ని. 2024 రూల్స్ అయితే ఒక్కటి కూడా లేదు. ఎందుకు ఇంత ఖచ్చితంగా చెప్తున్నానంటే, కొత్త రూల్స్‌లో మెడూసా చూపు పనిచేసే పద్ధతే మారిపోయింది. అది ఇప్పుడు బోనస్ యాక్షన్ (తన వంతులో మామూలు పనికి అదనంగా చేసేది), 30 అడుగుల కోన్ (ముందుకి శంకువులా విచ్చుకునే జాగా), డీసీ 13 (తప్పించుకోవడానికి వేసే డై, మీ బోనస్ కలిపి కనీసం 13 రావాలి), ఒకసారి వాడాక మళ్లీ వాడాలంటే డై మీద 5 గానీ 6 గానీ పడాలి. ప్యాక్ మొత్తంలో ఈ మాట ఎక్కడా లేదు.

మా టేబుల్ 2014 రూల్స్‌తోనే ఆడుతుంది కాబట్టి ఇక్కడినుంచి నేను చెప్పే లెక్కలన్నీ వాటివే.

ముందు మెడూసా సంగతి, ఎందుకంటే మేం నష్టపోయింది అక్కడే. మా పార్టీ (కలిసి ఆడే క్యారెక్టర్ల జట్టు) ఆరో లెవెల్. గ్రూపులో కొత్తగా చేరిన అమ్మాయి రోగ్ (చాటుగా దెబ్బకొట్టే పాత్ర) ఆడుతోంది, కార్డులన్నీ శ్రద్ధగా చదువుకుని వచ్చింది. కార్డు మీద ఉన్నది ఇది: ‘కళ్లకి గంతలు కట్టుకోండి, తర్వాత మామూలుగా పోరాడండి, దాడుల మీద ఏ ప్రభావమూ ఉండదు.’ ఇది శుద్ధ అబద్ధం. కళ్లు కనపడనివాళ్ల దాడులకి డిస్అడ్వాంటేజ్ (రెండు డైలు వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది, వాళ్ల మీద జరిగే దాడులకి అడ్వాంటేజ్ (రెండిట్లో ఎక్కువది తీసుకోవడం) ఉంటుంది. అందులోనూ రోగ్‌కి డిస్అడ్వాంటేజ్ ఉంటే స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకి కలిసే అదనపు నష్టం) అసలు రాదు. ఆరో లెవెల్లో ఆ 3డీ6 (ఆరు ముఖాల డైలు మూడు) పోతే ఇంక ఆ క్యారెక్టర్ కొట్టే దెబ్బకి విలువేముంది? అటువైపు మెడూసా ఒక టర్న్‌లో మూడుసార్లు కొడుతుంది, జుట్టులోని పాము కాటు తగిలితే విషమే 4డీ6. రెండు రౌండ్లలో ఆ పిల్ల క్యారెక్టర్ హిట్ పాయింట్లు (ప్రాణబలం) అడుగంటాయి, భయపడి గంతలు తీసింది, చూపు పడింది, సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే డై) బాగా తక్కువ పడింది, అక్కడికక్కడే రాయి.

మెడూసా దగ్గర గుర్తుంచుకోవాల్సిన అసలు ప్రమాదం ఇదే, ప్యాక్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. డీసీ 14 కాన్‌స్టిట్యూషన్ (శరీర దృఢత్వం) సేవ్‌లో, అంటే సేవింగ్ త్రోలో, ఓడిపోతే మామూలుగా ముందు రెస్ట్రెయిన్డ్ (కదలలేని స్థితి) అవుతారు, తర్వాతి టర్న్ చివర ఇంకో అవకాశం ఉంటుంది. కానీ 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడాతో ఓడితే ఆ రెండో అవకాశం లేదు. కాన్‌స్టిట్యూషన్ సేవ్ +2 ఉన్నవాళ్లకి డీ20 (ఇరవై ముఖాల డై) మీద 7 లేదా అంతకంటే తక్కువ పడితే చాలు, నేరుగా రాయే. అంటే నూటికి 35 వంతులు. ఇంత పెద్ద విషయం వదిలేసి, కార్డు మీద మెడూసా బొమ్మకి మాత్రం సగం జాగా ఇచ్చారు.

ఇంకో కార్డులో ‘చూపు తిప్పుకుంటే 50 శాతం అవకాశంతో తప్పించుకుంటారు, ప్రతి రౌండూ పర్సెంటైల్ డైస్ వేయండి’ అని ఉంది. ఇది 3.5 ఎడిషన్ రూల్‌ని తెచ్చి అతికించడం. ఫిఫ్త్ ఎడిషన్‌లో మీరు సర్‌ప్రైజ్ అయి ఉండకపోతే టర్న్ మొదట్లో చూపు తిప్పుకోవచ్చు, తిప్పుకుంటే ఆ సేవ్ వేయాల్సిన పనే లేదు, పూర్తిగా సేఫ్. బదులుగా మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా మెడూసా మీకు కనపడదు, మధ్యలో చూశారంటే వెంటనే సేవ్ వేయాలి. ఆ 50 శాతం మాట నమ్మి ఆడేవాళ్లు అక్కర్లేని రిస్క్‌ని నెత్తిన పెట్టుకుంటున్నట్టే.

అద్దం కార్డు చూస్తే నాకు నిజంగా కోపం వచ్చింది. ‘అద్దం చూపిస్తే మెడూసా ఖాయంగా రాయి అవుతుంది’ అని రాసి, పక్కన మూడు స్టార్లు వేశారు. రూల్ ఏంటంటే, 30 అడుగుల లోపల, బ్రైట్ లైట్‌లో ఉన్న మెరిసే ఉపరితలం మీద మెడూసా తన ప్రతిబింబం తానే చూడాలి, అప్పుడు తన చూపు తనకే తగులుతుంది. తగిలినా అది కూడా సేవ్ వేస్తుంది. దాని సేవ్ +3, అంటే 11 పడితే బయటపడుతుంది, సగానికి సగం అవకాశం. 6 లేదా అంతకంటే తక్కువ పడితేనే అక్కడికక్కడే రాయి అయ్యేది. స్టీల్ అద్దం 5 గోల్డ్ పీసులకే దొరుకుతుంది కాబట్టి తప్పకుండా దగ్గర పెట్టుకోండి, కాగడా వెలుగు 20 అడుగుల వరకే బ్రైట్ లైట్ అని కూడా గుర్తుంచుకోండి. అంతేగానీ అద్దం ఒక్కటే నమ్ముకుని చీకటి గుహలోకి పార్టీ మొత్తాన్ని తీసుకెళ్లకండి.

బాసిలిస్క్ కార్డులో అంకెలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. డీసీ 12, 52 హిట్ పాయింట్లు, స్పీడ్ 20 అడుగులు. కానీ ఆ స్పీడ్ వల్ల వచ్చే లాభం ఏంటో రాయలేదు! 20 అడుగులు నడిచే జంతువు నుంచి 30 అడుగులు నడిచే మనిషి వెనక్కి తగ్గుతూ విల్లుతో కొడుతూ పోవచ్చు, చూపు 30 అడుగుల లోపలే పనిచేస్తుంది కాబట్టి ఖాళీ జాగా ఉంటే ఆ పోరాటంలో రాయి అయ్యే పరిస్థితి చాలావరకు రాదు. మెడూసాతో మాత్రం ఇది కుదరదు, దాని దగ్గర కూడా 150 అడుగులు కొట్టే లాంగ్‌బో ఉంది.

గోర్గన్ దగ్గరికి వచ్చేసరికి ఆ ప్యాక్ రాసినవాళ్లు అసలు మాన్‌స్టర్ పేజీ తెరిచి చూశారా అని అనుమానం వచ్చింది. గ్రీకు కథల్లో మెడూసా అక్కచెల్లెళ్లని గోర్గన్లు అంటారు, నిజమే. ఈ గేమ్‌లో గోర్గన్ అంటే ఇనుప పలకలతో కప్పినట్టుండే ఎద్దు. అది రాయిగా మార్చేది చూపుతో కాదు, ఊపిరితో. 30 అడుగుల కోన్, డీసీ 13. కార్డు ఏం చెప్తోందంటే ‘కళ్లు మూసుకోండి’. కళ్లు మూసుకుంటే ఊపిరి ఆగదు, పైగా ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె) 19 ఉన్న దాన్ని గుడ్డిగా కొట్టాలి, అది మిమ్మల్ని అడ్వాంటేజ్‌తో కొడుతుంది. ఇక్కడ చేయాల్సింది ఒకరికొకరు దూరంగా నిలబడటం, ఒకే కోన్‌లో ఇద్దరు ముగ్గురు పడకుండా చూసుకోవడం. బిహోల్డర్ అనే ఇంకో మాన్‌స్టర్ రాయిగా మార్చే కిరణానికి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్ వేయాలి, కార్డులో కాన్‌స్టిట్యూషన్ అని ఉంది. అదీ తప్పే.

ఇక మందు. ఆ అమ్మాయి క్యారెక్టర్ రాయి అయ్యాక క్లెరిక్ (దైవశక్తితో నయం చేసే పాత్ర) ఆడే అతను కార్డు తీసి లెసర్ రెస్టోరేషన్ అనే స్పెల్ (మంత్రం) వేస్తానన్నాడు, అందులో అలాగే రాసుంది. మా డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపే వ్యక్తి) పుస్తకం తెరిచి చదివి వినిపించారు: ఆ స్పెల్ గుడ్డితనం, చెవుడు, పక్షవాతం, విషం, లేదా ఒక జబ్బు పోగొడుతుంది, రాయిగా మారడం ఆ లిస్టులో లేదు. కావాల్సింది గ్రేటర్ రెస్టోరేషన్. అది ఐదో లెవెల్ స్పెల్, క్లెరిక్‌కి తొమ్మిదో లెవెల్లో గానీ రాదు, వేసిన ప్రతిసారీ 100 గోల్డ్ పీసుల వజ్రాల పొడి ఖర్చయిపోతుంది. కార్డులో రెండో దారిగా చెప్పిన ‘స్టోన్ టు ఫ్లెష్’ 3.5లో ఉండేది, ఫిఫ్త్ ఎడిషన్‌లో ఆ స్పెల్లే లేదు. అంటే ఆ ప్యాక్ చూపించిన రెండు దారులూ మూసుకుపోయినవే. రాయి అయినవాళ్ల బరువు పదింతలు అవుతుంది, 70 కిలోల మనిషి 700 కిలోలు, అంత విగ్రహాన్ని శిథిలాల్లోంచి మోసుకొచ్చే మార్గం మా దగ్గర లేకపోయింది. ఆ పిల్ల అంత ఇష్టంగా తయారుచేసుకున్న మొదటి క్యారెక్టర్ అది. ఇంక ఆడను అని వెళ్లిపోబోతే కూర్చోబెట్టి మాట్లాడాం.

కాబట్టి డబ్బులు పెట్టకుండానే, మా డీఎంతో కలిసి రూల్స్‌తో సరిచూసుకున్నవి కొన్ని ఇక్కడ పెడుతున్నా, వాడుకోండి.

ఫాగ్ క్లౌడ్, మొదటి లెవెల్ స్పెల్. పొగమంచులో మెడూసా మిమ్మల్ని చూడలేదు, మీరు దాని కళ్లు చూడలేరు, చూపు పనిచేయదు. ఇద్దరికీ ఏమీ కనపడదు కాబట్టి అడ్వాంటేజ్, డిస్అడ్వాంటేజ్ రెండూ కొట్టుకుపోయి దాడులు మామూలుగా వేసుకోవచ్చు, రోగ్‌కి పక్కన తోడు ఎవరైనా ఉంటే స్నీక్ అటాక్ కూడా వస్తుంది. గంతలు కట్టుకోవడానికీ దీనికీ ఉన్న తేడా అదే. మెడూసా పొగలోంచి బయటకి పోకుండా ఎవరో ఒకరు పట్టుకుని ఉంచాలి, అది మర్చిపోవద్దు.

విజర్డ్ (మాంత్రిక పాత్ర) దగ్గర గుడ్లగూబ ఫెమిలియర్ (మంత్రంతో పిలిచిన తోడు జంతువు) ఉంటే ఇంకా మంచిది. దాని ఫ్లై స్పీడ్ 60, 35 అడుగుల దూరంలో టర్న్ మొదలుపెట్టి, 5 అడుగుల దగ్గరికి వెళ్లి హెల్ప్ యాక్షన్ (తోటివాళ్ల దాడికి అడ్వాంటేజ్ ఇచ్చే పని) చేసి, మళ్లీ 35 అడుగులకి వచ్చేయొచ్చు. చూపు పడేది 30 అడుగుల లోపల టర్న్ మొదలుపెట్టినవాళ్ల మీదే కాబట్టి గుడ్లగూబ చాలావరకు చూపు నుంచి సేఫ్‌గా ఉంటుంది. చూపు తిప్పుకుని కొట్టేవాళ్లకి ఉండే డిస్అడ్వాంటేజ్‌ని ఆ హెల్ప్ రద్దు చేస్తుంది, రౌండ్‌కి ఒక దాడికే అనుకోండి.

మెడూసా ఇన్‌కెపాసిటేటెడ్ (ఏ పనీ చేయలేని స్థితి) అయితే దాని చూపు ఆగిపోతుంది. టాషాస్ హిడియస్ లాఫ్టర్ అలా చేసే మొదటి లెవెల్ స్పెల్, దానికి విజ్డమ్ (వివేకం) సేవ్, మెడూసాకి ఉన్నది +1 మాత్రమే. ఇదే స్పెల్ బాసిలిస్క్ మీద పనిచేయదు, దాని ఇంటెలిజెన్స్ 2, ఆ స్పెల్‌కి 4 దాటాలి. బాసిలిస్క్ మీద బ్లైండ్‌నెస్ వేయండి, అది మిమ్మల్ని చూడలేకపోతే చూపు పనిచేయదు. సేవ్‌ల కోసం బ్లెస్ స్పెల్ వేసుకోండి, పాలడిన్ (పవిత్ర యోధుడి పాత్ర) ఉంటే 10 అడుగుల లోపల ఉండండి. ప్యాక్‌లో ‘ఎన్‌హాన్స్ ఎబిలిటీ వేసుకుంటే సేవ్‌లకి అడ్వాంటేజ్’ అని ఉంది, అది ఎబిలిటీ చెక్‌లకే (బలం, తెలివి లాంటివి పరీక్షించే డైలకే) ఇస్తుంది, సేవ్‌లకి ఇవ్వదు. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ఇప్పుడు అమ్మే పద్ధతి. శాంపిల్ అంటూ బొమ్మలున్న పేజీలే పంపిస్తారు, రూల్స్ ఉన్న పేజీ అడిగితే ‘కొన్నాకే’ అంటారు. డబ్బు ఒక వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐకి వేయమంటారు, బిల్లు ఇవ్వరు. గ్రూపులో కనపడే మెచ్చుకోళ్లు చూడండి, వేర్వేరు పేర్లతో ఒకే వాక్యం, తప్పు అక్షరంతో సహా. నేను తప్పులన్నీ పేజీ నంబర్లతో రాసి పంపి డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. ‘డిజిటల్ ప్రొడక్ట్‌కి రిఫండ్ ఉండదు’ అన్నారు, కార్డులు అచ్చువేసినవే కదా అంటే నా మెసేజ్‌లు తీసేసి గ్రూపులోంచి నన్ను తొలగించారు.

కొనేముందు తెలుసుకోవాల్సిన ఇంకో సంగతి. మెడూసా, బాసిలిస్క్, కాకట్రిస్, గోర్గన్ నాలుగింటి పూర్తి వివరాలూ ఎస్ఆర్‌డీ 5.1 అనే రూల్స్ డాక్యుమెంట్‌లో ఉన్నాయి. దాన్ని ఈ గేమ్ ప్రచురించే కంపెనీ విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్స్) కింద విడుదల చేశారు, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాన్ని వాడి పుస్తకం రాసి అమ్ముకోవడం కూడా తప్పు కాదు, కానీ ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పే వాక్యం తప్పనిసరిగా ఉండాలి. నిజాయితీగా తయారుచేసేవాళ్లు మొదటి పేజీలోనో చివరి పేజీలోనో అది పెడతారు. ఆ ప్యాక్‌లో ఎక్కడా లేదు. ఇలాంటివి ఎవరు అమ్మినా మూడు ప్రశ్నలు అడగండి: ఏ సంవత్సరం రూల్స్, లైసెన్స్ వాక్యం ఏది, ఒక రూల్ పేజీ చూపిస్తారా. జవాబు రాకపోతే వదిలేయండి.

ఇప్పటికే కొన్నవాళ్లు యూపీఐ రసీదు, పోస్టర్, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకుని నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. గ్రూపులోంచి తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నేను ఫిర్యాదు చేశాను, ఏమైనా తేలితే ఇక్కడే రాస్తాను.

ఇంకొక్కటి, కాకట్రిస్ కార్డు గురించి, ఎందుకంటే దాన్నిబట్టి ఇప్పటికే క్యారెక్టర్‌ని వదులుకున్నవాళ్లు ఉండొచ్చు. దాని కాటుతో రాయి అయితే శాశ్వతం అని ఆ కార్డు చెప్తోంది. రూల్ ప్రకారం అది 24 గంటలే, ఏ స్పెల్లూ అక్కర్లేదు. మీ టేబుల్‌లో అలా ఎవరైనా కొత్త క్యారెక్టర్ మొదలుపెట్టి ఉంటే ఈరోజే మీ డీఎంకి చెప్పండి, పాత క్యారెక్టర్‌ని వెనక్కి తెచ్చుకోవచ్చు.