ఆడియో ట్యూబులకు ఏ టెస్టర్? ముల్లు పచ్చగీత దాటితే చాలదు

వాక్యూమ్ ట్యూబులను పరీక్షించే పాత టెస్టర్ మీటరు మీద ఎర్ర, పచ్చ పట్టీలు ఉంటాయి. రేడియో, టీవీ రిపేరు చేసేవాళ్లకు అవి సరిపోయేవి, ఎందుకంటే వాళ్లు తేల్చుకోవలసింది ఆ ట్యూబు మార్చాలా వద్దా అన్నదే. ఆంప్లిఫయర్ వాడేవాళ్లకు కావలసింది వేరు. రెండు ఈఎల్34 పవర్ ట్యూబులు జత కుదురుతాయా, 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబులోని రెండు ట్రయోడ్‌లూ (విడివిడిగా పనిచేసే భాగాలు) సమానంగా ఉన్నాయా, ప్రవాహాన్ని అదుపు చేసే జాలి అయిన గ్రిడ్‌లోనే కరెంట్ పారుతోందా అన్నవి తెలియాలి. వీటికి అంకెల్లో జవాబు చెప్పే టెస్టరే కొనాలి.

అన్నిటికన్నా సులువుగా దొరికేవి ఎమిషన్ టెస్టర్లు. ఇవి గ్రిడ్‌లనూ, ఎలక్ట్రాన్లు చేరే ప్లేటునూ ఒకటిగా కలిపేసి, ట్యూబును డయోడ్‌లా మార్చి, ఎలక్ట్రాన్లను వదిలే కాథోడ్ ఎంత కరెంట్ ఇస్తుందో చూస్తాయి. గ్రిడ్ తన పని చేస్తోందా లేదా అన్నది వీటికి తెలియదు. గ్రిడ్ వంకరపోయిన ట్యూబు, లోపల గ్యాస్ చేరిన ట్యూబు కూడా దర్జాగా పచ్చలోకి వెళ్తాయి. పైగా ఈ పరీక్షలో చిన్న గ్రిడ్ మీద భారం పడుతుంది కాబట్టి బటన్‌ను రెండు మూడు సెకన్లకు మించి నొక్కకూడదు. ఈ కోవలో సెన్‌కోర్ మైటీ మైట్‌ది మాత్రం ప్రత్యేక స్థానం. దాని గ్రిడ్ లీకేజీ పరీక్ష 100 మెగోమ్‌ల దాకా పట్టేస్తుంది. రెండో టెస్టర్‌గా పక్కన ఉంచుకోదగ్గది.

హికాక్ టెస్టర్లు టీవీ-7, 539సీ మ్యూచువల్ కండక్టెన్స్ కొలుస్తాయి. గ్రిడ్‌కు చిన్న ఏసీ సిగ్నల్ ఇచ్చి, ప్లేట్ కరెంట్ ఎంత మారిందో చూస్తాయి. టీవీ-7 మీటరు నేరుగా మైక్రోమోలు (ఈ కండక్టెన్స్ కొలమానం) చూపదు, చార్టులోని కనీస అంకెతో పోల్చుకోవాలి. 539సీ మైక్రోమోల్లోనే చూపుతుంది, బయాస్‌కు, అంటే గ్రిడ్‌కు ఇచ్చే స్థిర వోల్టేజీకి, వేరే మీటరు ఉంది. రెండిట్లో ఆడియోకు 539సీయే మేలు. అయితే ప్లేటుకు అందేది 150 వోల్టుల ప్రాంతంలో, ఫిల్టర్ చేయని సప్లై. తయారీదారు డేటాషీట్ 12ఏఎక్స్7కు ప్లేటు మీద 250 వోల్టులు, మైనస్ 2 వోల్టుల బయాస్ దగ్గర 1.2 మిల్లీయాంపులు, 1600 మైక్రోమోలు అంటుంది. ఆ అంకెను హికాక్ రీడింగుతో పోల్చి ట్యూబు బలహీనమని తీర్పు చెప్పడం పొరపాటు. ఇంకో చిక్కు వీటిలో ఏసీని డీసీగా మార్చే 83 అనే రెక్టిఫయర్ ట్యూబు. అందులో పాదరసం ఉంటుంది. దాని బదులు మామూలు డయోడ్‌లు పెడితే వోల్టేజీ పెరిగి కాలిబ్రేషన్ చెడిపోతుంది.

ఏవో వీసీఎమ్163 అనే టెస్టర్‌లో రెండు మీటర్లు ఉంటాయి. ప్లేట్ కరెంట్, కండక్టెన్స్ ఒకేసారి కనిపిస్తాయి. గ్రిడ్ కరెంట్ కూడా మైక్రోయాంపుల్లో కొలవవచ్చు. పవర్ ట్యూబులు జత కలిపేవాళ్లకు పాతవాటిలో దీన్ని మించింది లేదు.

గ్రిడ్ కరెంట్‌ను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. ఈఎల్34లో గ్యాస్ వల్ల 2 మైక్రోయాంపులు పారుతున్నాయనుకోండి. గ్రిడ్ రెసిస్టర్ 470 కిలో ఓమ్‌లైతే బయాస్ 0.94 వోల్టు పడిపోతుంది. ఈ ట్యూబు కండక్టెన్స్ వోల్టుకు 11 మిల్లీయాంపుల దాకా ఉంటుంది కాబట్టి ప్లేట్ కరెంట్ దాదాపు 10 మిల్లీయాంపులు పెరుగుతుంది. వేడెక్కేకొద్దీ గ్యాస్ ఇంకా వదులుతుంది, కరెంట్ ఇంకా పెరుగుతుంది, చివరికి ప్లేటు ఎర్రబడుతుంది. ఎమిషన్ టెస్టర్ ఇదే ట్యూబును మెచ్చుకుంటుంది!

కొత్తవాటిలో ఆరెంజ్ వీటీ1000 వాడటం తేలిక. ఈఎల్34, 6ఎల్6, ఈసీసీ83 (12ఏఎక్స్7కే ఇంకో పేరు) లాంటి ఎక్కువగా వాడే రకాలు పెట్టి బటన్ నొక్కితే పనికొస్తుందో లేదో చెప్పి, జత కలపడానికి ఒక అంకె ఇస్తుంది. రెక్టిఫయర్లు, 300బీ లాంటివి దీనితో కుదరవు. గిటార్ ఆంప్‌లు చూసేవాళ్లకు సరిపోతుంది, హైఫై పనికి చాలదు.

సోల్డరింగ్ వచ్చినవాళ్లు యూట్రేసర్ కిట్ చూడాలి. కంప్యూటర్ తెర మీద ట్యూబు వోల్టేజీ, కరెంట్‌ల పూర్తి కర్వులు గీస్తుంది. యూట్రేసర్3 ప్లస్ అనే రకం 400 వోల్టుల దాకా వెళ్తుంది. కొలత మిల్లీసెకను పల్సులతో జరుగుతుంది కాబట్టి చిన్న పెట్టె నుంచే పెద్ద కరెంట్ వస్తుంది. లోటు కూడా అక్కడే ఉంది. ట్యూబు పనిచేసేటప్పటి వేడికి చేరదు, వేడిమీదే బయటపడే గ్రిడ్ దోషం దాక్కుంటుంది.

పాత టెస్టర్ ఏది కొన్నా ముందు కెపాసిటర్లు, విలువ మారిన కార్బన్ రెసిస్టర్లు, వదులైన సాకెట్లు చూడాలి. కాథోడ్‌ను వేడిచేసే హీటర్ సెట్టింగ్ రెండుసార్లు సరిచూసుకోండి. 12ఏఎక్స్7ను 4, 5 పిన్నుల మధ్య 12.6 వోల్టులతో గానీ, ఆ రెండూ కలిపి 9తో 6.3 వోల్టులతో గానీ వెలిగించవచ్చు. 6డీజే8లో 9వ పిన్ను షీల్డు, ఆ ట్యూబు హీటర్‌కు 12.6 వోల్టులిస్తే హీటర్ పోతుంది. ఎప్పుడూ షార్ట్ పరీక్షే మొదట, ట్యూబును వేలితో మెల్లగా తడుతూ చేయాలి. స్విచ్ తిప్పినప్పుడు టెస్టర్‌లోని నియాన్ దీపం ఒక్కసారి మెరిస్తే తప్పు కాదు, వెలుగుతూనే ఉంటే ట్యూబు తీసేయాలి. కొన్ని లక్షల ఓమ్‌లు దాటిన లీకేజీకి ఆ దీపం వెలగదు, ఆంప్లిఫయర్‌లో హమ్ మాత్రం వినిపిస్తుంది. తర్వాత కనీసం రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి, లైన్ వోల్టేజీ మళ్లీ సరిచేసి, అప్పుడు కండక్టెన్స్ చూడాలి. 6డీజే8 లాంటి చురుకైన ట్యూబుల్లో రీడింగు అర్థం లేకుండా ఎగిరితే అది ఆసిలేషన్ (ట్యూబు తనంతట తానే సిగ్నల్ పుట్టించడం) కావచ్చు. గ్రిడ్, ప్లేట్ వైర్లకు ఫెర్రైట్ పూసలు తొడిగితే ఆగుతుంది.

ఫోనో స్టేజీకి (రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే భాగానికి) కావలసిన నిశ్శబ్దం, మైక్రోఫోనీ (తట్టితే శబ్దం రావడం) లేకపోవడం ఈ టెస్టర్లలో ఏదీ చెప్పదు. అందుకు ఆంప్లిఫయర్‌లోనే పెట్టి వినాలి. బాగున్న 12ఏయూ7 ఒకటి, 6ఎల్6 ఒకటి విడిగా దాచి, వాటి రీడింగులు కాగితం మీద రాసి టెస్టర్ మూత లోపల అంటించండి. ఆర్నెల్లకోసారి అవే రెండూ పెట్టి చూసినప్పుడు రెండు రీడింగులూ ఒకే వైపు జరిగి ఉంటే, టెస్టర్‌నే సర్వీసుకు ఇవ్వాలి.