ఎండిన బీచ్ మాను: కొట్టాలా, ఉంచాలా?

ఈ బీచ్ సముద్రపు ఒడ్డు కాదు. జర్మనీ అడవుల్లో బూడిదరంగు నున్నటి బెరడుతో కనిపించే చెట్టు. 2018, 2019 వేసవుల్లో వానల్లేక అక్కడ చాలాచోట్ల ఈ చెట్లు నిలువునా ఎండిపోయాయి. కలప కోసం పెంచే అడవిలో ఇలాంటి మోడును ఏం చేస్తే మేలు?

కొట్టి అమ్మేయొచ్చు. బీచ్ కట్టె బాగా మండుతుంది, పొయ్యిలకు గిరాకీ ఉంది. కానీ చచ్చిన బీచ్ మన టేకులా ఏళ్ల తరబడి గట్టిగా ఉండదు, త్వరగా పుచ్చిపోతుంది. ఆలస్యం చేస్తే కట్టెల ధర కూడా రాదు. పైగా కొట్టేవాడి ప్రాణానికి గండం. రంపం అదురుకే పైకొమ్మ విరిగి నెత్తిన పడొచ్చు. కొట్టేస్తే టెన్షన్ ఉండదనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

కూల్చి అక్కడే వదిలేస్తే? నేలకు మంచిదే. తడి నిలుస్తుంది, శిలీంధ్రాలు, నత్తలు చేరతాయి. కానీ పడిన మాను నిలబడ్డ మోడుకు సాటి రాదు. వదులైన బెరడు కింద గబ్బిలాలు తలదాచుకునేది నిలబడ్డ మోడులోనే. నీలిబూడిద రంగు మీద నల్లమచ్చలుండే రోసాలియా అనే పెంకుపురుగైతే ఎండ తగిలే చచ్చిన బీచ్‌ను వెతుక్కుని మరీ గుడ్లు పెడుతుంది. దారి పక్కన పేర్చిన బీచ్ దుంగల్ని చూసినా మోసపోయి అక్కడే పెడుతుంది. తర్వాత లారీ వచ్చి దుంగలతోపాటు పిల్లల్నీ పట్టుకుపోతుంది.

అందుకే నా ఓటు నిలబెట్టి ఉంచడానికే. అయితే ఒక్కోటి ఒక్కోచోట కాదు, గుంపుగా. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2010లో ఈ పద్ధతే పెట్టుకుంది: సుమారు 3 హెక్టార్లకు ఒకటి చొప్పున, 15 దాకా చెట్లున్న గుంపులు. విడివిడి మోళ్లయితే కూలీలు రోజూ వాటి కిందే పని చేయాలి. గుంపైతే ఆ మూలకే వెళ్లక్కర్లేదు.

బాట పక్కన మాత్రం ఇది కుదరదు. అక్కడ యంత్రంతో 3, 4 మీటర్ల ఎత్తులో నరికి, మొదలు ఉంచేయడం నయం.

గుంపులో ఇంకో లాభముంది. బీచ్ మోడు నిలబడేది కొన్నేళ్లే. అది కూలేలోపు పక్కనే ఇంకో ముసలి చెట్టు ఎండుతూ ఉండాలి, లేకపోతే పురుగుకి ఇల్లు దొరకదు.