పూరీ రథయాత్ర బొమ్మ: పట్టచిత్రమా, తాటాకు చిత్రమా?

పూరీ రథాలను దూరం నుంచే పోల్చుకునేది వాటికి కప్పే గుడ్డల రంగులతో: జగన్నాథుడి నందిఘోషకు (16 చక్రాలు) ఎరుపు-పసుపు, బలభద్రుడి తాళధ్వజకు (14) ఎరుపు-ఆకుపచ్చ, సుభద్ర దర్పదళనకు (12) ఎరుపు-నలుపు. అందుకే మూడు రథాలూ ఉన్న బొమ్మకు, గుడ్డ మీద రంగులతో వేసే పట్టచిత్రమే మేలు. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్ గ్రామంలోని చిత్రకారులు నూలుగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఆరాక రాయితో నున్నగా రుద్దుతారు. శంఖపు పొడి తెలుపుకీ, ఇంగిలీకం అనే ఖనిజం ఎరుపుకీ. రంగు పట్టడానికి వెలగబంక. మడత పెట్టారంటే సుద్ద పగిలి రంగు రాలుతుంది. చుట్టే ఉంచండి.

తాటాకు చిత్రమైతే, ఆకుల మీద గంటంతో (మొనదేలిన ఇనుప కలంతో) గీసి, మసి రుద్ది తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. గీత తప్పితే చెరపలేరు. ఆకులను దారంతో కుడతారు కాబట్టి మడవచ్చు. చక్రాల చెక్కడం సన్నగా, స్పష్టంగా కనబడాలనుకుంటే ఇదే తీసుకోండి.