గొంతు పూర్తిగా మొద్దుబారేదాకా ఆగిన మత్తు డాక్టరు: గుంటూరు కొత్తపేటలో నా ఆపరేషన్

నా బరువు 126 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. నిద్రలో ఊపిరి ఆగుతుంటే రాత్రిళ్లు సీపాప్ మిషను పెట్టుకుని పడుకుంటాను. బొడ్డు దగ్గర హెర్నియాకి ఈ మధ్యే గుంటూరు కొత్తపేటలో ఆపరేషన్ చేయించుకున్నాను. సర్జన్ గారు బాగా చేశారు, గదులు శుభ్రంగా ఉన్నాయి, వాటి గురించి ఇంతే. నేను రాయాలనుకున్నది మత్తు డాక్టరు మేడమ్ గురించి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

దీనికి ముందు ఇంకోచోటికి వెళ్లాను, దాని పేరూ రాయను. అక్కడ కూడా మెలకువగా ఉండగానే గొంతులో ఊపిరి పైపు వెయ్యాలన్నారు కానీ ఎందుకో చెప్పలేదు. నోట్లో నాలుగైదు సార్లు మొద్దుబార్చే స్ప్రే కొట్టి, రెండు నిమిషాలు కూడా ఆగకుండా కెమెరా పైపు లోపలికి తోశారు. డోకు మీద డోకు వచ్చింది, కళ్ల వెంట నీళ్లు, ఊపిరి ఆడట్లేదనిపించి డాక్టరు చెయ్యి పట్టుకుని లాగేశాను. పేషెంటు సహకరించలేదని రాసి ఆపరేషన్ ఆపేశారు. వార్డులోకి వచ్చాక దాహమేస్తోందంటే మా ఆవిడ మంచినీళ్లిచ్చింది, గొంతు ఇంకా సగం తిమ్మిరిగా ఉందని ఇద్దరికీ తెలీదు, ఎవరూ చెప్పలేదు కూడా, ఒక్క గుక్కకే పొలమారి పావుగంట దగ్గాను. ఆ తర్వాత మూడు నెలలు హెర్నియా నొప్పి భరించానే గానీ ఆపరేషన్ మాటెత్తితే టెన్షన్.

కొత్తపేటలో మేడమ్ ముందురోజే వార్డుకొచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నోరు తెరవమన్నారు, కొండనాలుక కనపడలేదు. టేపు పెట్టి మెడ కొలిచారు. మొదటిచోట జరిగింది చెబితే చివరిదాకా విని, "మీరు సహకరించకపోవడం కాదండీ, గొంతు మొద్దుబారలేదు, అంతే" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

మెలకువగానే ఎందుకో కూడా చెప్పారు. మత్తు ఇవ్వగానే గొంతు కండరాలు వదులై నాలుక వెనక్కి పడిపోతుంది, నాలాంటి మెడ ఉన్నవాళ్లకి మాస్కుతో గాలి కొట్టడం కూడా కష్టమవుతుంది. పైగా లావుగా ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువ కాబట్టి ఊపిరి ఆగితే రక్తంలో ఆక్సిజన్ చాలా త్వరగా పడిపోతుంది. మెలకువగా ఉంటే నా ఊపిరి నేనే తీసుకుంటూ ఉంటాను. మొద్దుబార్చే మందుని మెడలోకి సూదితో ఇచ్చే పద్ధతులు కూడా ఉన్నాయట, కానీ కొవ్వు వల్ల ఎక్కడ పొడవాలో చేతికి సరిగ్గా తగలదని, సూది లేకుండానే చేస్తానని చెప్పారు.

మర్నాడు ముందుగా నోరు ఎండిపోయే ఇంజక్షన్ ఇచ్చారు. ఉమ్ము ఊరుతుంటే మందు కండకి పట్టకుండా కొట్టుకుపోతుందట. ముక్కులోంచి రక్తం రాకుండా ముక్కు దిబ్బడకి వేసుకునేలాంటి చుక్కలు వేశారు. తర్వాత ఆస్తమా వాళ్లకి పెట్టే నెబ్యులైజరే పెట్టారు, అందులో మొద్దుబార్చే మందు, 4 శాతం లిగ్నోకైన్, 4 మిల్లీలీటర్లు. అది అయ్యేసరికి పావుగంట పైనే పట్టింది, చేదుగా ఉంటుంది, నాలుక మందమెక్కుతుంది. ముక్కులో జెల్లీ పెట్టారు, గొంతు వెనక అదే మందు 10 శాతం స్ప్రే కొట్టారు. ప్రతి పఫ్ మధ్యా ఆగుతున్నారు, పక్కన సిస్టర్ పఫ్ పఫ్‌కీ 10 మిల్లీగ్రాములని రాసుకుంటోంది.

ఆ లెక్క సంగతి నేను తర్వాత అడిగాను. ఈ మందు రక్తంలో ఎక్కువైతే పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఇంకా ఎక్కువైతే ఫిట్స్ కూడా రావచ్చట. బ్రిటన్ డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2020 మార్గదర్శకాల ప్రకారం కిలోకి 9 మిల్లీగ్రాములు దాటకూడదు, కానీ ఆ కిలోలు త్రాసు మీద కనపడేవి కావు, కొవ్వు తీసేసి వేసుకునే లీన్ బరువు. నాకది దాదాపు 73 కిలోలు, అంటే హద్దు 657 మిల్లీగ్రాములు. 126తో గుణిస్తే 1134 వస్తుంది, తేడా చూడండి. నాకు అన్నీ కలిపి ఇచ్చింది 440.

ఇదంతా కూర్చోబెట్టే చేశారు. వీపు కింద, భుజాల కింద దిండ్లు పేర్చి చెవి, రొమ్ము ఎముక ఒకే ఎత్తుకి తెచ్చారు, ముక్కులోకి ఆక్సిజన్ జోరుగా వెళుతూనే ఉంది. మధ్యమధ్యలో నన్ను మాట్లాడించారు, గొంతు మారి బొంగురుగా వినపడింది, మందు కిందిదాకా పట్టిందనడానికి అదొక గుర్తు అన్నారు. మెత్తటి గొట్టంతో గొంతు వెనక తాకి చూస్తే మొదటిసారి కొద్దిగా డోకొచ్చింది. వెంటనే ఆపేసి ఇంకో రెండు పఫ్‌లు కొట్టి మళ్లీ ఆగారు. బయట సర్జన్ గారి మనిషి రెండుసార్లు తొంగిచూసినా తొందరపడలేదు. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది అక్కడే.

రెండోసారి తాకితే ఏమీ తెలియలేదు. కాస్త మగతగా ఉండే మందిచ్చి, పెన్సిల్ కన్నా సన్నటి కెమెరా పైపు ముక్కులోంచి పంపారు. స్వరపేటిక దగ్గర ఆ పైపులోంచే ఇంకొంచెం మందు చిలకరించినప్పుడు రెండు మూడు దగ్గులొచ్చాయి, వస్తాయని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. ఆ తర్వాత కెమెరా మీదుగా ఊపిరి పైపు దించినప్పుడు ముక్కులో ఒత్తిడి తప్ప నొప్పి లేదు. మానిటర్ మీద ఊపిరి గీత సరిగ్గా వచ్చాకే నిద్ర మందు ఇచ్చారు. మొదటి ఇంజక్షన్ నుంచి అప్పటికి ముప్పావుగంట పట్టిందని సిస్టర్ చెప్పింది.

లోపమంటే ఒక్కటే, సంతకం పెట్టించుకున్న కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మా ఆవిడకి తెలుగులో ఒక పేజీ ఇచ్చి ఉంటే ఓటీ బయట అంత భయపడి ఉండేది కాదు. ఈ మాట మేడమ్‌కీ చెప్పాను.

డిశ్చార్జ్ రోజున ఇంకో కాగితం విడిగా ఇచ్చారు. నాకు పైపు వెయ్యడం కష్టమని, మెలకువగా ఉండగా కెమెరాతో వేశామని, ఏ మందు ఎంత, ఏ సైజు పైపు అన్నీ అందులో ఉన్నాయి. రేపు ఏ యాక్సిడెంటో అయి ఇంకో ఊళ్లో చేరినా అక్కడి డాక్టరుకి ముందు ఇదే చూపించమన్నారు. లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాను, ఫొటో మా ఆవిడ ఫోన్లోనూ మా అబ్బాయి ఫోన్లోనూ ఉంది.