సాగర్‌లో రెండు రోజులు, చిన్నాయన సీ హాక్ ముచ్చట్లు

పొద్దున తొమ్మిదిన్నరకు కదలాల్సిన లాంచీ పదకొండైనా కదల్లేదు. డ్రైవర్ సెల్ఫ్ కొడుతూనే ఉన్నాడు. ఇంజన్ గిర్రున తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. నాగార్జునకొండకు పోవాల్సిన వాళ్లం యాభై అరవై మందిమి, పిల్లలతో సహా ఎండలో కూర్చున్నాం. మా చిన్నాయన మాత్రం కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటున్నాడు. నాలుగోసారికి లేచాడు.

"డీజిల్ లైన్ల గాలి జొర్రిందిరా. బ్యాటరీ దిగిపోతది గని ఇది స్టార్ట్ కాదు" అని నేరుగా ఇంజన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. మిర్యాలగూడ దగ్గర పల్లెలో పుట్టి, పద్దెనిమిదేళ్లకే నేవీలో చేరాడు. గోవాలోని దబోలిం స్థావరంలో, విక్రాంత్ ఓడ మీద సీ హాక్ ఫైటర్ విమానాలకు మెకానిక్‌గా పనిచేశాడు. 1971 డిసెంబర్‌లో విక్రాంత్ మీంచి లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసినవి ఈ సీ హాక్‌లే. అప్పటికి ఆయన ఇంకా సర్వీసులో లేడు. ఆ యుద్ధంలో పనిచేసిన సీనియర్ల దగ్గర పని నేర్చుకున్నాడు. 1983 చివర్లో సీ హారియర్ అనే కొత్త జెట్‌లు వచ్చి సీ హాక్‌లు పక్కకు పోయేదాకా వాటితోనే ఉన్నాడు.

లాంచీ కుర్రాళ్లు మొదట ఒప్పుకోలేదు. తర్వాత పానా ఇచ్చారు. ఫిల్టర్ గిన్నె విప్పితే అడుగున నల్లటి మడ్డి వేలెడు మందాన ఉంది. దాన్ని పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి, పైన ఉన్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతిపంపు నొక్కడం మొదలుపెట్టాడు. ముందు నురగ వచ్చింది. నొక్కుతూనే ఉన్నాడు. నురగ ఆగి డీజిల్ సన్నటి తీగలా వచ్చాక స్క్రూ బిగించి చెయ్యి ఊపాడు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన మొహంలో సంతోషం లేదు.

"ఫిల్టర్ ఎప్పుడు మార్చిండ్రు బిడ్డా?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏ పుస్తకంలనన్న రాసి పెట్టరా?" అన్నాడు. అలాంటి పుస్తకమే లేదట.

కొండకు చేరడానికి పట్టిన ముప్పావు గంటా, తిరుగు ప్రయాణమంతా ఆయన పాత నేవీ విమానాల గురించే మాట్లాడాడు. అడిగింది మా అమ్మాయి, ఆరో తరగతి. "తాతా, నీ విమానం ఇప్పుడు ఎక్కడుంది?"

మ్యూజియంలో ఉంది. గోవాలోని నేవీ విమానాల మ్యూజియంలో సీ హాక్ ఉంది, రంగు వేసి నిలబెట్టారు. మన దేశంలో ఎగిరే స్థితిలో ఉన్న పాత నేవీ ఫైటర్ మాత్రం ఒక్కటీ లేదు. ఎయిర్‌ఫోర్స్ వాళ్లు టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా లాంటి కొన్ని పాత విమానాలను బతికించుకున్నారు. మన నేవీకి అలాంటి దళం లేదు. విక్రాంత్‌నే 2014లో తుక్కు కింద అమ్మేశారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు.

కొన్నేళ్ల కింద మా చెల్లెలి దగ్గరికి ఇంగ్లాండ్ వెళ్లినప్పుడు, యోవిల్టన్ అనే నేవీ స్థావరంలో జరిగిన ఎయిర్ షో చూసి వచ్చాడు. అక్కడ 1972లోనే నేవీ తన పాత విమానాల కోసం ప్రత్యేకంగా ఒక దళం పెట్టుకుంది. 2019లో దాన్ని రద్దు చేశాక, నేవీ వింగ్స్ అనే ధర్మసంస్థ విరాళాలతో ఆ విమానాలను చూసుకుంటోంది. చిన్నాయన అక్కడ సీ ఫ్యూరీ అనే పాత నేవీ ఫైటర్‌ను స్టార్ట్ చేయడం దగ్గర్నుంచి చూశాడట. పద్దెనిమిది సిలిండర్ల సెంటారస్ ఇంజన్, దాదాపు 2,500 గుర్రాల శక్తి, ఐదు రెక్కల ప్రొపెల్లర్.

"స్టార్ట్ కొట్టకముందు ఇద్దరు మనుషులు ఆ ప్రొపెల్లర్‌ను చేతులతోని మెల్లగ తిప్పుతరు బిడ్డా. ఎందుకో తెల్సా?" అన్నాడు అమ్మాయితో. సిలిండర్లు చక్రంలా చుట్టూ ఉంటాయి కాబట్టి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ జారి కింది సిలిండర్లలో చేరుతుంది. ఆయిల్‌ను నొక్కలేం. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ దాన్ని గుద్దుకుని రాడ్డు వంగిపోతుంది. అందుకే చేత్తో తిప్పి చూసుకుంటారు, ఎక్కడైనా బిగుసుకుంటే ఆపేస్తారు. ఎనభై ఏళ్ల కిందటి డిజైన్‌కు ఈ రోజుకీ చేతి స్పర్శే పరీక్ష.

మామూలు ఫైటర్ కంటే నేవీ ఫైటర్‌ను నిలబెట్టుకోవడం ఎందుకు కష్టమో ఆయన చెప్తుంటే పక్క బెంచీ వాళ్లు కూడా జరిగి వచ్చారు. ఓడ మీద చోటు తక్కువ కనుక రెక్కలు మడుస్తారు. మడత దగ్గర కీళ్లు, తాళాలు, హైడ్రాలిక్ గొట్టాలు అన్నీ ఒక్కచోటే ఉంటాయి, అరిగేదీ కారేదీ అక్కడే. డెక్ మీద దిగడమంటే దభీమని పడటమే, కనుక చక్రాల కాళ్లు, తోక కింది కొక్కెం, అవి తగిలించిన చట్రం ఎంతో దెబ్బ తిని ఉంటాయి. అన్నిటికంటే పెద్ద శత్రువు ఉప్పుగాలి. అల్యూమినియం, ఉక్కు కలిసినచోట ఉప్పు తేమ చేరితే లోహం లోపల్లోపల పొరలు పొరలుగా లేస్తుంది. పైన రంగు చక్కగా మెరుస్తూనే ఉంటుంది. గోవాలో రోజూ మంచినీళ్లతో కడగడమే తన మొదటి డ్యూటీ అని చెప్పాడు.

ఇంత చేసినా నష్టాలు తప్పవు. అదే సీ ఫ్యూరీకి 2014లో ఒక ప్రదర్శనలో ఇంజన్ పోయింది, దిగేటప్పుడు చక్రాల కాళ్లు ముడుచుకుపోయాయి. మూడేళ్లు బాగుచేసి 2017లో మళ్లీ ఎగరేశారు. 2021లో మళ్లీ ఇంజన్ పోయి పొలంలో దిగింది. పైలట్లు బతికారు. ఎగిరే స్థితిలో మిగిలిన ఒకే ఒక్క సీ విక్సెన్ అనే నేవీ జెట్ 2017 మేలో హైడ్రాలిక్స్ చెడి, చక్రాలు దిగక పొట్ట మీద వాలింది. ఆ తర్వాత మళ్లీ లేవలేదు. జెట్‌లకు ఇంకో సమస్య కూడా ఉంది. పైలట్‌ను బయటికి విసిరే సీటులోని మందుగుండు గుళికలకు గడువు తేదీ ఉంటుంది, కొత్తవి చేసేవాళ్లు దొరకాలి. 2015లో ఇంగ్లాండ్‌లోని షోరమ్ దగ్గర పాత హంటర్ జెట్ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయాక అక్కడ నిబంధనలు బాగా బిగించారు. అది న్యాయమే అంటాడు చిన్నాయన.

"మరి అంత ప్రమాదమైతే మ్యూజియంలనే ఉంచొచ్చు గద చిన్నాయనా?" అని నేనడిగాను.

"ఒక్కటే మిగిలితె ఎగరెయ్యొద్దురా. నాలుగుంటె ఒకటి ఎగరాలె. విమానం అద్దాల్ల ఉంటది గని, దాన్ని విప్పి బిగించే చెయ్యి అద్దాల్ల ఉంటదా?"

నాకు ఆ మాట సరైనదే అనిపించింది. అమెరికాలో ఆర్ట్ నాల్స్ అనే మాజీ పైలట్ ఒక సీ హారియర్‌ను సొంతంగా కొని, 2007లో మళ్లీ గాల్లోకి లేపి, తర్వాత ఎయిర్ షోలలో ఎగరేశాడు. మన నేవీ 2016 దాకా అవే విమానాలు నడిపింది. ఆ పని తెలిసిన మనుషులు మన దగ్గర ఇంకా అరవై ఏళ్లు నిండకుండా ఉన్నారు.

ఇక సాగర్ వెళ్లేవాళ్లకు పనికొచ్చే సంగతులు. నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. డ్యామ్ నీళ్లలో మునిగిపోయే లోయ నుంచి ఇటుకా రాయీ తెచ్చి మళ్లీ పేర్చిన కట్టడాలు ద్వీపం మీద ఉన్నాయి. బుద్ధుడి విగ్రహం దగ్గర ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. తాగునీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లాలి. లాంచీ ఆలస్యమవుతుందనుకునే ప్లాన్ చేసుకోండి, మధ్యాహ్నం ఇంకో చోటికి మాట ఇచ్చుకోకండి.

హిల్ కాలనీలో మొదటి రాత్రి దిగిన లాడ్జి నచ్చలేదు. 1,800 రూపాయల గది, కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి, కానీ గీజర్ పనిచేయదు, ఫ్లష్ రాదు, చెప్తే "రేపు మనిషొస్తడు" అన్నారు. రెండో రాత్రి ఇల్లుగలామె పైఅంతస్తు అద్దెకిచ్చే చోటికి మారాం. 1,200 మాత్రమే. పరుపులు పాతవి, దుప్పట్లు ఎండకు వేసిన వాసన వస్తున్నాయి. పొద్దున ఆరింటికి ఆమె స్వయంగా బకెట్‌తో వేడినీళ్లు తెచ్చింది. చిన్నాయన కుళాయిలన్నీ తిప్పి చూసి, ఒక్కటీ కారడం లేదని తృప్తిపడ్డాడు. మళ్లీ వెళ్తే నేను అక్కడే దిగుతాను. బొచ్చె చేప పులుసు రోడ్డు పక్క హోటల్లోనే బాగుంది, ప్లేటు అన్నానికి సరిపోయేంత పులుసు పోస్తారు.

2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనానికి సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి. 274 ఎకరాలు, ఎండలో నడవలేం. శుభ్రత విషయంలో ఈ ప్రయాణం మొత్తంలో దానికే ఎక్కువ మార్కులు వేస్తాను. మేం స్తూపం మెట్ల మీద కూర్చున్నప్పుడు పైలట్ శిక్షణ విమానం ఒకటి నీళ్ల మీదుగా వెళ్లింది. మేం తలెత్తేలోపే చిన్నాయన చెప్పేశాడు, "నాలుగు సిలిండర్లది, చప్పుడు మంచిగున్నది." ఎత్తిపోతలలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, వానాకాలం అయితే తప్ప దానికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

తిరుగు దారిలో పెద్దవూర దాటుతుండగా మా అమ్మాయి అడిగింది. "తాతా, గోవాలో ఉన్న నీ సీ హాక్‌ను మళ్లీ ఎగరెయ్యాలంటే ఎంతమంది కావాలె?"

ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఇంజన్‌కు ముగ్గురు, రెక్కల మడతకు ఇద్దరు, సీటుకు ఒకడు, అది నేర్చినోడే ఉండాలె, రేకు పనికి నలుగురు, వైరింగ్‌కు ఇద్దరు, పుస్తకం రాసేటందుకు ఒకడు. హాలియాలో టీకి ఆగినప్పుడు గ్లాసు చేతిలో పట్టుకుని ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. "టైర్ల సంగతి మర్చిపోయిన్రా" అన్నాడు, మళ్లీ మొదటి వేలు దగ్గరికి వెళ్లి.