ముక్కు స్ప్రే కొంటున్నారా? ముందు సీసా మీద మందు పేరు చదవండి

సైనస్‌తో నెలల తరబడి బాధపడుతున్నవాళ్లు ఇది చదవండి. నాలాగా ఇరుక్కోవద్దు.

మందుల షాపులో "ముక్కు దిబ్బడకి స్ప్రే ఇవ్వండి" అన్నాను, అంతే. ఎన్నాళ్ల నుంచి అని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చి కొట్టుకుంటే ఐదు నిమిషాల్లో రెండు ముక్కులూ తెరుచుకున్నాయి. ప్రాణం లేచొచ్చింది! వారం తిరిగేసరికి కథ మారింది. ఉదయం కొట్టుకుంటే మధ్యాహ్నానికే మళ్లీ దిబ్బడ, అదీ మునుపటికంటే గట్టిగా. అర్ధరాత్రి లేచి చీకట్లో తలగడ కింద సీసా కోసం తడుముకునే స్థితికి వచ్చాను.

రెండో సీసా అడుగంటాక ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాను. ఆయన సీసా తిప్పి సన్న అక్షరాల మీద వేలు పెట్టారు: జైలోమెటాజోలిన్. ఇది ముక్కులోని రక్తనాళాలను కుదించి దారి తెరుస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే వాపు తిరగబెడుతుంది. ఆక్సీమెటాజోలిన్ కూడా ఇదే బాపతు. హెచ్చరిక అట్టపెట్టె మీదే ఉందట. ఆ పెట్టెను నేను కొన్నరోజే చెత్తబుట్టలో పడేశాను.

12 వారాలు దాటిన సైనస్ వాపుకు మొదట చెప్పే వైద్యం వేరు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, రోజూ స్టెరాయిడ్ స్ప్రే. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటివన్నమాట. స్టెరాయిడ్ అనగానే నాకూ టెన్షనే, కానీ స్ప్రేగా వాడితే ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువట. దీనితో చిక్కల్లా, కొట్టిన వెంటనే ఏమీ తెలియదు. గుణం కనబడటానికి వారాలు పడుతుంది. పనిచేయట్లేదని మధ్యలో మానేసి, మళ్లీ ఆ మొదటి సీసా వైపు చూస్తాం. చూడటానికి రెండు సీసాలూ కవలపిల్లల్లా ఉంటాయి మరి.

ముక్కు కడగడానికి కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. కాచి చల్లార్చినవో, డిస్టిల్డ్ వాటరో వాడండి. నీళ్లలోని ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అరుదే, కానీ ఆ రిస్కు ఎందుకు?

స్ప్రే ముక్కు మధ్య గోడకేసి కొట్టకండి. నాకు అలాగే రక్తం వచ్చింది. కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, మొన చెవి వైపు ఉండేలా కొట్టాలి.

కంటి చుట్టూ వాచినా, చూపు మసకబారినా స్ప్రేలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాకైతే పాత సీసా అలవాటు ఒక్కో ముక్కు చొప్పున మాన్పిస్తున్నారు. కుడివైపు అయింది, ఎడమవైపు ఇంకా నడుస్తోంది.